ఎడమచేతి మువ్వ

మా మనవరాలి ఎడమచేతికి విడుదల ఇప్పించింది నేనే. వకీలు లేడు, కోర్టు లేదు, ఒక్క పూట పంచాయితీలో తేల్చేశాను. మూడేళ్ళ పిల్ల ఎడమచేత్తో బలపం పట్టిందని మా వియ్యపురాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, నేను వనపర్తి బజారులో పుట్టి పెరిగినదాన్ని కదా, ఏడుపు పక్కనపెట్టి బేరానికి కూర్చోబెట్టాను. అన్నం తినడం, ప్రసాదం అందుకోవడం, పెద్దల చేతికి ఏదైనా ఇవ్వడం, ఈ మూడూ కుడిచేతికి వదిలేశాను. రాత, బొమ్మలు, బ్యాటు, కత్తెర, తాళంచెవి, పక్కింటి పిల్లను గిచ్చడం సహా మిగతా లోకమంతా ఎడమచేతి పేరు మీద రాయించుకున్నాను. మూడిచ్చి ముప్పై తెచ్చానని ఏళ్ళ తరబడి కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. అంత లాభసాటి బేరం నేను మళ్ళీ చేయలేదు. అంత తెలివితక్కువ బేరం కూడా చేయలేదని నిరుడు తెలిసింది.

తెలియజేసింది ఆ పిల్లే. పేరు సహస్ర, హైదరాబాద్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సరదాకి గుర్రపుస్వారీ నేర్చుకుంటానని వెళ్ళి, అక్కడ పోలో ఆడేవాళ్ళను చూసి, ఇక ఆ గుంపులోంచి బయటికి రాలేదు. ఒక శనివారం పొద్దున వనపర్తి బస్టాండులో దిగి, భుజాన ఒక సంచీ, సంచీలోంచి మనిషి ఎత్తున తొంగిచూస్తున్న ఒక కర్ర, తిన్నగా నా గుమ్మంలోకి వచ్చింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా అడిగింది.

"అమ్మమ్మా, నాకు కుడిచెయ్యి కావాలె."

"ఉన్నది గదనే."

"ఉన్నది. దానికి అన్నం కలుపుడు తప్ప ఏం రాదు. నువ్వే గద బేరం చేసినవ్!"

పోలో తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. జట్టుకు నలుగురు, నలుగురూ గుర్రాల మీదే, చేతిలో పొడవాటి బెత్తం, దాని చివర సుత్తిలాగా అడ్డంగా ఒక చెక్క. దాంతో నేలమీది బంతిని కొట్టుకుంటూ పోయి అవతలి రెండు స్తంభాల నడుమ దాటించాలి. ఏడు నిమిషాలు ఒక చక్కర్. చక్కర్ అయిందంటే గుర్రాన్ని మార్చాలి, మనిషిని మార్చరు. ఈ ఆటలో ఒక నియమం ఉంది. కర్ర కుడిచేతిలోనే ఉండాలి. ఎడమచేతివాటం మనిషైనా సరే, మహారాణి అయినా సరే. ఎదురెదురుగా దూసుకొచ్చే గుర్రాల మీద ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు కర్ర తిప్పితే తలకాయలు పగులుతాయి, అందుకు. సహస్ర ఎలాగో కుడిచేత్తో కొట్టడం నేర్చుకుంది. చిక్కు అక్కడ లేదు. కుడిచెయ్యి లేచిన ప్రతిసారీ, నేనూ ఉన్నానంటూ ఎడమచెయ్యి కూడా ఎగురుతోంది. ఆ చేతిలో ఉండేది లగాం.

"నా చెయ్యి ఎగిరితే గుర్రానికి నోరు గుంజుకుంటది, తల ఎత్తుతది, బంతి పక్కకెళ్ళి పోతది. సార్ చెప్పేసిండు అమ్మమ్మా. మూడు వారాలల్ల ఆడపిల్లల చాంపియన్‌షిప్ ఉన్నది. అప్పటికి ఎడమచెయ్యి ఊకుంటే సరే, లేకుంటే నా జాగల ఇంకో పిల్లను దింపుతడంట." అంతవరకూ దబాయింపుగా ఉన్న గొంతు అక్కడ పలచబడింది. "రెండేండ్లసంది దీనికోసమే చేస్తున్న."

నేను లేచి, మా పాత దుకాణం గల్లాపెట్టె తెరిచాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం పోయింది కానీ గల్లాపెట్టె నాతోనే వచ్చింది. అడుగున చిల్లులు పడ్డ పాత కాసులు, ఒక అడకత్తెర, వాటి కింద ఒక ఇత్తడి మువ్వ. ఒకపక్క నొక్కుకుపోయి ఉంటుంది. ఊపితే ఘల్లుమనదు, రేకుడబ్బాలో గులకరాయి వేసినట్టు గరగరమంటుంది. పరికిణీలు కట్టుకునే వయసంతా దాన్ని నా ఎడమ మణికట్టుకు కట్టి తిప్పింది మా అవ్వ.

అవ్వంటే మా నాయన తల్లి. తాత చిన్నప్పుడే పోతే, పెద్ద బజారులో అందరూ మగవాళ్ళే కూర్చునే వరసలో కిరాణం దుకాణం గద్దె ఎక్కి కూర్చుంది. తెల్లవారగానే దుకాణం ముందు నీళ్ళు చల్లేది. తరాజు పళ్ళేలు తడిగుడ్డతో తుడిచి, తూకం బాట్లు వరసగా పేర్చి, గల్లాపెట్టెకు దండం పెట్టి, ముక్కుపొడి ఒక పట్టు పట్టి, ఒక తుమ్ము తుమ్మాక గానీ మొదటి మనిషిని పలకరించేది కాదు. ఆ దుకాణం వాసన ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. బెల్లం బుట్టల తీపి, ఎండుమిరప ఘాటు, మూలనున్న కిరోసిన్ పీపా, వీటన్నిటినీ కప్పేస్తూ కొత్త గోనెసంచి వాసన. నాగర్‌కర్నూల్ మార్కెట్ నుంచి వచ్చే పల్లికాయ సంచులు వెనక పెరట్లో నా నెత్తికంటే ఎత్తుగా ఉండేవి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పొట్లాలు కట్టడం, చిల్లర లెక్కించి ఇవ్వడం నా పని. పని బాగానే చేసేదాన్ని, చెయ్యే తప్పు. ఒకరోజు గోపాల్‌పేట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, నేను ఎడమచేత్తో అందించిన ఉప్పు పొట్లం గద్దె మీద పెట్టేసి, "ఎడమచేతి బోణీ మాకొద్దు" అని పక్క దుకాణానికి పోయాడు. అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లోపలికి పోయి ఈ మువ్వ తెచ్చి, ఎర్రదారంతో నా ఎడమ మణికట్టుకు బిగించింది.

"ఇది మోగిందంటే నాకు ఇనవడ్తది. దుకాణంల మోగొద్దు."

మోగొద్దంటే మోగకుండా ఉంటుందా? రోజుకు నలభైసార్లు మోగేది, నలభైసార్లు లోపలినుంచి "సత్తీ!" అని కేక వచ్చేది. బజారులో జనం నన్ను మేకపిల్లనేవాళ్ళు. నేను తక్కువదాన్నా, మువ్వలో దూది కుక్కాను. అవ్వ ఆ దూది తీసి, దాంతోనే దీపానికి వత్తి చేసింది.

పొద్దువాలే వేళకు ఖాదర్ తాత టాంగా మా దుకాణం ముందు ఆగేది. ఎర్ర గడ్డం, ఒక కాలు కొంచెం కుంటు. సంస్థానం నడిచిన రోజుల్లో గుర్రపుశాలలో గుర్రాలు చూసుకునే సాయీసుగా ఉన్నానని, సర్కార్లు పోలో ఆడుతుంటే చక్కర్ చక్కర్‌కూ తాజా గుర్రం అందించేది తానేనని చెప్పేవాడు. ఆ తరవాత సంస్థానం పోయింది, గుర్రాలు పోయాయి, ఆయనకు మిగిలింది టాంగా, చమేలీ అనే ముసలి గుర్రం. చమేలీ నాయనమ్మ పోలో ఆడిందని ప్రమాణం చేసేవాడు. గుర్రం వంశవృక్షం పెరిగినకొద్దీ దానికి మేమిచ్చే బెల్లం ముక్క కొంచెం పెద్దది దొరుకుతుందని ఆయన ఆశ. ఒకరోజు నా మువ్వ చూసి నవ్వాడు.

"ఎందుకు పరేషాన్ అయితవ్ బేటీ? గుర్రానికి కుడిచెయ్యి కనవడదు. అది ఎడమచేతి మాటనే ఇంటది. లగాం గా చేతిలనే ఉంటది. కుడిచెయ్యి ఎవడైన తిప్పుతడు. ఎడమచెయ్యిని ఊకుంచుడే అసలు విద్దె."

నా ఎడమచేతిని గురించి ఒక మంచిమాట విన్నది అదే మొదలు. ఆ మాటకు నేను అమ్ముడుపోయాను. అమ్ముడుపోయినా బేరం మానలేదు.

"నాకు నేర్పు తాతా. రోజుకో బెల్లంముక్క ఇస్త. పది దెబ్బలు కొట్టనియ్యాలె."

"ఐదు."

"ఎనిమిది. బంతికి తాకనియి లెక్కకు రావు."

"అరెరే! దుకాణపోళ్ళ పిల్లవనిపించినవ్."

గుర్రం మీద కాదు, ముందు పల్లికాయ సంచుల మీద. మూడు సంచులు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన పాత దుప్పటి పరిచి, ముందు కొయ్యకు తాడు కట్టి లగాం అన్నాడు. ఇంట్లో దాచుకున్న ఒక విరిగిన పోలోకర్రకు సుతిలి తాడు చుట్టి తెచ్చాడు. బంతి కింద ఎండిన వెలగకాయ. నేను సుత్తితో మేకు కొట్టినట్టు చెక్క మొనతో కొట్టబోతే, అలా కాదు, చెక్క పొడుగుపక్కతో కొట్టాలని చూపించాడు. వెలగకాయ పగిలితే ఆట ఆపి తినేవాళ్ళం. మువ్వ గరగరలాడని రోజులవి, ఘల్లున మోగేది. "మోగింది! గుర్రం నారాజ్ అయింది, ఇది లెక్కకు రాదు" అనేవాడు. అవ్వ కట్టిన సంకెల నాకు అక్కడ పాఠం అయింది.

"ఆడోళ్ళు గూడ ఆడేటోళ్ళా తాతా?" అని అడిగాను ఒకసారి.

"తౌబా! ఆడోళ్ళు వెదురుతెరల ఎనక కూసొని చూసేటోళ్ళు. గోలు వడితే తెరలు ఊగేటియి, గంతే తెలుస్తుండె."

బెల్లం బుట్ట తూకం రోజూ కొంచెం తగ్గుతుంటే మా అవ్వకు తెలియకుండా ఉంటుందా? ఎలుక అనుకుని నాలుగు రోజులు చూసి, ఐదోరోజు పెరట్లోకి వచ్చింది. నేను సంచులమీద, పరికిణీ మోకాళ్ళ పైకి, చేతిలో కర్ర. ఖాదర్ తాత గభాలున లేచి సలాం చేశాడు.

"ఏందిది?"

"పోలో అమ్మా. సర్కార్లు ఆడేటి ఆట."

"ఆడపిల్లకు గుర్రమేంది, కట్టెలేంది? సిగ్గున్నదా ముసలోడా?" అని, నన్ను కిందికి లాగబోయి ఆగింది. నా కర్ర వంక చూసింది. "ఏ చేత్తోని కొడ్తరు?"

"కుడిచేత్తోనే అమ్మా. ఎడమచేత్తోని కొడితే ఆటలకెల్లి ఎల్లగొడ్తరు."

"ఎల్లగొడ్తరా?"

"నిలవెట్టి ఎల్లగొడ్తరు."

అవ్వ ముక్కుపొడి తీసింది. ఒక పట్టు పట్టి, తుమ్మి, కళ్ళు తుడుచుకుంది. "సర్కార్లకున్న తెలివి మా బడిపంతులుకు లేదు. దీని ఎడమచేతి రాత మాన్పియ్యమంటే, చిన్నపిల్ల పోనియ్ అంటడు." ఆ తరవాత గద్దెమీది గొంతుతో అడిగింది. "ముక్కకు ఎన్ని దెబ్బలు?"

"ఎనిమిది."

"ఇరువై కొట్టనియ్. బెల్లం నేనే ఇస్త."

నేను ఎనిమిదికి కుదిర్చి మురిసిన సరుకును అవ్వ నోరు తెరిచి ఇరవైకి తీసుకుంది. ఆరోజు నాకు తెలిసిందేమిటంటే, నేను ఆ ఇంట్లో రెండో బేరగత్తెనని. అలా మా అవ్వ, పోలో అన్న మాట సరిగ్గా పలకలేని మనిషి, వనపర్తిలో ఒక ఆడపిల్ల పోలోకు పోషకురాలైంది. "ఎడమచేతి రోగానికి మందు తాపిస్తున్న" అని బజారులో చెప్పుకునేది.

ఆ చలికాలం అయ్యేసరికి నన్ను చమేలీ ఎక్కించాడు. గోపాల్‌పేట దారిలో పల్లి పీకేసిన బీడు, గట్లు లేని ఎర్రనేల. మొదట నడక, తరవాత దుడుకు నడక, ఒకరోజు ఖాదర్ తాత "వదులు" అన్నాడు. చమేలీ పరుగెత్తింది. ముసలిదని ఎవరన్నారో గానీ, దానికి నాయనమ్మ గుర్తుకొచ్చినట్టుంది. వెలగకాయ ముందు తెల్లగా కనబడుతోంది. ఎడమచెయ్యి దాని మెడమీద రాయిలా ఉంది, మువ్వ నోరెత్తలేదు. కర్ర తిప్పాను. టక్కుమంది. నా జీవితంలో అంత శుభ్రమైన చప్పుడు నేను వినలేదు. వెలగకాయ అంత దూరం పోయింది. ఇంకా పోతూనే ఉంది, దాని వెనక మేం పోతున్నాం. అంతలో బాటమీద పోతున్న ఒకాయన, టాంగా గుర్రాన్ని గుర్తుపట్టి, చెయ్యెత్తి అరిచాడు: "ఓ ఖాదరూ! వనపర్తికి వస్తవా?"

చెయ్యెత్తిన మనిషి కనబడితే ఆగాలన్నది చమేలీకి బతుకంతా నేర్పిన చదువు. పరుగుమీదున్నదల్లా నాలుగు కాళ్ళూ నాటి ఆగింది. నేను మాత్రం ఆగలేదు. ప్రయాణికుడికి రెండడుగుల దూరంలో దిగాను. ఆయన భయపడి, "నేను నడిచే పోత తియ్" అన్నాడట.

ఎడమ మణికట్టు విరిగింది, మువ్వ నొక్కుకుపోయింది. దవాఖానకు అవ్వ పరుగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట, "ఏ చెయ్యి?"

"ఎడమది అమ్మా" అన్నాడు ఖాదర్ తాత, తల వంచుకుని.

"పోనీ తియ్."

ఈ రెండు మాటలకు నేను ఏళ్ళ తరబడి నవ్వాను, నవ్వించాను. తరవాతి సంగతి మాత్రం ఆ శనివారం దాకా ఎవరికీ చెప్పలేదు. కట్టుతో నెలన్నర ఇంట్లో ఉన్నాను. ఒక మధ్యాహ్నం దుకాణం తలుపు వారగా వేసి, అవ్వ ఒక్కతే కూర్చుని పోకచెక్కలు కత్తిరిస్తుంటే పక్కగదిలోంచి చూశాను. అడకత్తెర ఎడమచేతిలో ఉంది. పోకచెక్కలు ఒక్కటీ చెదరకుండా, ఆకుల్లాగా పలచగా రాలుతున్నాయి. కుడిచేత్తో ఆమె ఎప్పుడూ అంత చక్కగా కత్తిరించలేదు. అప్పుడు అర్థమైంది, ఆ మువ్వ నాకోసం కొన్నది కాదని. కట్టు విప్పాక అవ్వ దాన్ని మళ్ళీ నా చేతికి కట్టలేదు. గల్లాపెట్టెలో పడేసి, "దాని పని అయిపాయె" అంది. చమేలీ ఎక్కడం కూడా అక్కడితో అయిపోయింది.

ఇదంతా విని సహస్ర ఫోను తీసి, అందులో చూపిస్తూ తన పాఠాలు నాకు చెప్పింది. అమెరికాలో ఒకావిడ మీసం అంటించుకుని, జుట్టు టోపీలోకి తోసి, మగవాళ్ళ పోటీల్లో ఏళ్ళ తరబడి దొంగతనంగా ఆడిందట. ఆట అయ్యాక జరిగే విందులో మాత్రం ఆడమనిషిగా వచ్చేదట, ఆ మంచి ఆటగాడు ఎవరో ఎవరికీ తెలియకుండా. ఆమె మీసంతో పని జరుపుకుంది, మేం బెల్లంతో జరుపుకున్నాం అనుకున్నాను. ఈ ఆట పుట్టిల్లు మణిపుర్‌లో ఇప్పుడు ఆడపిల్లలు పొట్టి గుర్రాలమీద జట్లు జట్లుగా ఆడుతున్నారట. అర్జెంటీనాలో ఆడవాళ్ళకు ప్రపంచ పోటీలు పెడుతున్నారట. ఆడవాళ్ళ బలాబలాలు తూచడానికి వేరే అంకెలు కూడా వచ్చాయి. తెరల వెనక నుంచి గోలు లెక్కపెట్టిన కాలానికీ దీనికీ నడుమ ఎంత దూరమో. నేను బతికిన దూరమే కదా అది!

"అయితే కట్టు" అని సహస్ర ఎడమచెయ్యి చాపింది.

నేను కట్టలేదు, మువ్వ దాని అరచేతిలో పెట్టాను. "నువ్వే కట్టుకో. బరువనిపిస్తే ఇప్పెయ్. నన్ను అడుగకు."

మధ్యాహ్నానికి పెరట్లో సంచులు పేర్చాం. ఈసారి పల్లికాయ కాదు, వడ్లు. ఆదివారం సాయంత్రం బస్సులో నేనూ దానితోపాటు హైదరాబాద్ వెళ్ళాను. ఇరవై రోజులు పొద్దున్నే ఆ మైదానం పక్కన, సాధన చేసే కొయ్యగుర్రం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుడిచెయ్యి లేస్తుంది, గరగర. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ గరగర. "గుర్రం నారాజ్ అయింది, లెక్కకు రాదు" అనేదాన్ని. నాలుగోరోజు సహస్ర మువ్వ విప్పి గడ్డిలోకి విసిరేసి, "నాతోని కాదు" అని ఏడ్చింది. నేను లేవలేదు. చాలాసేపటికి అదే పోయి వెతుక్కుని, పళ్ళతో దారం బిగించుకుంది. వాళ్ళ కోచ్ వచ్చి, "ఏందమ్మా ఇది, ఏ పద్ధతి?" అని అడిగాడు. "పాలమూరు పద్ధతి సార్" అన్నాను. పదహారోరోజు గుర్రంమీద చక్కర్ కొట్టి వచ్చింది. ఒక్కసారే మోగింది, అదీ దిగేటప్పుడు. కోచ్ జట్టు కాగితంలో దాని పేరు రాశాడు.

పోటీకి నేను గద్వాల చీర కట్టుకుని పోయాను. మైదానంలోకి లోహం ఏదీ కట్టుకుని పోకూడదని మువ్వ విప్పి నా చేతికిచ్చింది. పోగొడతానేమోనని నా ఎడమ మణికట్టుకే కట్టుకున్నాను. అవతలి జట్టు మణిపుర్ పిల్లలు. నేలమీద చూస్తే నా భుజానికి రారు. గుర్రం ఎక్కితే ఎక్కడ పిల్ల అయిపోయి ఎక్కడ గుర్రం మొదలైందో తెలియదు. మొదటి చక్కర్‌లోనే రెండు గోల్స్ కొట్టారు. మావాళ్ళు ఒకటి తీర్చుకున్నారు. సగం ఆట అయ్యాక, చూసేవాళ్ళంతా లోపలికి వచ్చి గిట్టలకు లేచిన మట్టిపెళ్ళలు తొక్కి నేల చదును చేయాలని మైకులో చెప్పారు. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని తొక్కాను. ఎంతిస్తారని అడగకుండా నేను చేసిన మొదటి కూలిపని అదే. తెర వెనకనుంచి లేచి వచ్చి ఆ నేలమీద కాలు పెట్టడం నాకు కూలిగా ముట్టింది.

నాలుగో చక్కర్. ఒక గోలు వెనకబడి ఉన్నాం. సహస్రకు బంతి దొరికింది, ముందు ఎవరూ లేరు. గుర్రం సాగింది. కుడిచెయ్యి వెనక్కి లేచింది. నేను దాని కర్రను చూడలేదు, ఎడమచేతినే చూశాను. గుర్రం మెడమీద, రాయిలాగా. టక్కుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. బంతి స్తంభాల నడుమ దాటింది. పక్కనున్నావిడ నా మోచెయ్యి పట్టుకుని, "ఏందమ్మా గా చప్పుడు, గరగర?" అంటే చూసుకున్నాను. నా ఎడమచెయ్యి గాల్లో ఎగురుతోంది. అవ్వ పదేళ్ళు ఆపిన చెయ్యి, ఎవరు ఆపినా ఆగేట్టు లేదు. అది ఇంకా ఊగుతుండగానే మణిపుర్ పిల్లల్లో అందరికంటే చిన్నది బంతిని లాక్కుపోయి ఇంకో గోలు కొట్టింది. గంట మోగింది.

సహస్ర మట్టి ముఖంతో వచ్చి, ఎవరో కాగితం చాపితే ఎడమచేత్తో సంతకం పెట్టి, నా పక్కన కూలబడింది. "ఒక్క గోలు అమ్మమ్మా."

ఇక బిల్లు. బెల్లం ముక్కలు, నేను ఇచ్చినవీ అవ్వ ఇచ్చినవీ కలిపి, ఒక చలికాలం. విరిగిన మణికట్టు ఒకటి, వాన వచ్చే ముందు ఇప్పటికీ సలుపుతుంది. ఇరవై పొద్దులు. మనవరాలి కన్నీళ్ళు ఒక పూట. అవ్వ కట్టిన మువ్వ పనికొచ్చిందని ఒప్పుకోవడం ఖర్చులో రాస్తున్నాను, కష్టంగానే. అడగకుండా నా చేతికి కట్టడం తప్పేనని కూడా రాస్తున్నాను. ఆమె చేతికి ఎవరు కట్టారో నేను ఏనాడూ అడగలేదు, అది నా బాకీ పద్దు. రాబడిలో, గుర్రంమీద పోతూ కొట్టిన రెండు దెబ్బలు, అరవై ఏళ్ళ ఎడంతో, ఒకటి వెలగకాయ, ఒకటి బంతి. అన్నీ పోగా తేలింది ఒక గోలు తక్కువ. ఎటు తిప్పి కూడినా అంతే. బేరం లేదు.